మిర్చి లారీలో రాయ్‌పూర్ దాకా

గుంటూరు నుంచి ఉత్తరాదికి మిర్చి తోలే డ్రైవర్లలో జగదల్‌పూర్ రోడ్డు పేరెత్తితే మొహం చిట్లించనివాళ్లు తక్కువ. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి పోయే ఈ దారికి పాత నంబరు 221. ఇప్పుడు 30. కాగితాల్లో ఇది ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దగ్గర మొదలై మన ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. మన డ్రైవర్లకు ఆ లెక్కతో పనిలేదు, వాళ్లకిది జగదల్‌పూర్ రోడ్డే.

ఎందుకు నచ్చదని అడిగితే తలా ఒకటి చెబుతారు. గుంటలంటారు, అడవంటారు, ఘాట్లంటారు, వరదంటారు. కారులో ఈ దారిన పోయినప్పుడు నాకు అంతగా తిట్టుకోవాల్సినదేమీ కనబడలేదు. కానీ కారు వేరు, పది టైర్ల లారీ వేరు. అందుకని దసరా వెళ్లాక మా ఊరి డ్రైవర్ బాబాయ్ రాయ్‌పూర్‌కి లోడు ఎత్తుతున్నాడని తెలిసి క్యాబిన్‌లో చోటు అడిగాను.

“వస్తే రా. మధ్యలో దిగి బస్సెక్కుతానంటే మాత్రం కుదరదు” అన్నాడు.

మొదటి రోజు: గుంటూరు నుంచి సారపాక

కోల్డ్ స్టోరేజీ దగ్గర లోడింగ్ అయ్యేసరికి సాయంత్రమైంది. మిర్చి బస్తాని ఇక్కడ టిక్కీ అంటారు. ఒక్కోటి నలభై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. హమాలీలు పేర్చుకుంటూ పోతే లారీ తూకం నిండకముందే ఎత్తు నిండిపోతుంది. పట్టా కప్పి, మోకులు బిగించి, క్లీనర్ కుర్రాడు పైకెక్కి నాలుగు మూలలా తొక్కి చూశాక గానీ బాబాయ్ స్టీరింగ్ ముందు కూర్చోలేదు.

“సిమెంటైతే ఏ గొడవా లేదురా, బరువంతా అడుగున ఉంటుంది. మిర్చికి బరువు నెత్తిన ఉంటుంది. గుంటలో పడితే బండి ఊగుతుంది. ఊగిన బండిని తిప్పకూడదు, బ్రేకు కొట్టకూడదు. దానంతట అది నిలబడేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి.”

వాన భయం కూడా ఉంది. పట్టాకి ఎక్కడో చిల్లు పడి నాలుగు టిక్కీలు తడిసినా, అవతల వ్యాపారి లారీ మొత్తానికీ ధర తగ్గించమని పేచీ పెడతాడు. ఆ మాట ఓనరు దాకా వెళ్లి, అక్కడి నుంచి తిరిగి డ్రైవర్ మీదికే వస్తుంది.

పగలు పెద్ద లారీలను విజయవాడ ఊళ్లోకి రానివ్వరు కాబట్టి చీకటి పడ్డాకే కృష్ణ దాటాం. ఇబ్రహీంపట్నం రింగు దగ్గర హైదరాబాద్ రోడ్డు ఎడమకి పోతుంది, మేం కొండపల్లి వైపు తిరిగాం. థర్మల్ కేంద్రం బూడిద టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి. ముందు టిప్పర్ మీంచి లేచిన బూడిద మా హెడ్‌లైట్ల వెలుగులో పొగమంచులా కమ్మేసింది. బాబాయ్ అద్దాలు ఎక్కించాడు. ఎక్కిస్తే లోపల మిర్చి ఘాటు, దించితే బయట బూడిద. ఇంజను వేడి సరేసరి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మాది అంతకు చాలా ముందు పుట్టిన బండి.

తిరువూరు దాటితే తెలంగాణ. కొత్తగూడెం వైపు ఒకప్పుడు బొగ్గు టిప్పర్ల దెబ్బకి రోడ్డు మీద రోడ్డే ఉండేది కాదట. సత్తుపల్లి గనుల నుంచి రైలు మార్గం పడ్డాక ఆ రద్దీ తగ్గిందని బాబాయ్ ఒప్పుకున్నాడు. రోడ్డు బాగుందని చెప్పడానికి డ్రైవర్లు ఇష్టపడరు గానీ, అడిగితే అబద్ధం ఆడరు. పాల్వంచ దాటి అర్ధరాత్రి సారపాక చేరేసరికి పేపరు మిల్లుకి సుబాబుల్, జామాయిల్ కర్ర తెచ్చిన లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. వాటి చివర మేం ఆగాం.

మరో మూడు గంటలు నడిపితే చింతూరు వస్తుంది కదా, ఇక్కడెందుకు ఆగడమని అడిగాను. “చింతూరు వస్తుంది. తర్వాత కుంట వస్తుంది. తెల్లారకుండా కుంట దాటే అలవాటు నాకు లేదు” అని పడుకున్నాడు. కుంట అంటే ఛత్తీస్‌గఢ్‌లోకి అడుగుపెట్టే ఊరు. పక్కనున్న కర్ర లారీల డ్రైవర్లకి ఆ బెంగ లేదు, వాళ్ల దారి మిల్లు గేటుతో సరి. క్లీనర్ కుర్రాడు పట్టా మీద ఎక్కి పడుకున్నాడు. నాకు ఇంజను పక్కన బల్ల దొరికింది. మిర్చి ఘాటుకి తుమ్మీ తుమ్మీ ఎప్పుడో నిద్రపట్టింది.

రెండో రోజు: గోదావరి నుంచి జగదల్‌పూర్

తెల్లవారుజామున గోదావరి దాటాం. పాత వంతెనను 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. దాని పక్కనే రెండో వంతెన 2024లో అందుబాటులోకి వచ్చింది. రెండు వంతెనలొచ్చినా డ్రైవర్ల భయం పోలేదు, ఎందుకంటే భయం వంతెన గురించి కాదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

ఆ వరదలో బాబాయ్ ఇదే సారపాకలో ఇరుక్కున్నాడు. “నీళ్లు తగ్గాయన్నారు. వంతెన తెరిచారు. అవతలికి పోతే చట్టి ఊరి దగ్గర శబరి నది రోడ్డెక్కి కూర్చుంది. మళ్లీ ఆగాం. ఈలోగా ఈ-వే బిల్లు అయిపోయింది.” ఈ-వే బిల్లంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం. సరుకు లారీలకు రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన దానికి గడువు ఇస్తారు. గడువు ముగియడానికి 8 గంటల ముందు గానీ, ముగిశాక 8 గంటల లోపు గానీ పొడిగించుకోవాలి. అది దాటి తనిఖీలో దొరికితే పెనాల్టీ. వరదలో సెల్ సిగ్నల్ లేని చోట, ఆఫీసులో కూర్చున్న ట్రాన్స్‌పోర్టు గుమస్తాకి ఫోన్ కలవక బాబాయ్ పడిన టెన్షన్ చూస్తే, ఆ నీళ్ల కంటే ఆ కాగితమే ఆయన్ని ఎక్కువ భయపెట్టినట్టుంది.

రాముడి గుడి ఊరు తెలంగాణలో ఉంది. ఊరు దాటీ దాటగానే ఎటపాక, మళ్లీ ఆంధ్రప్రదేశ్. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలను ఇటు కలిపారు. దాంతో ఈ రోడ్డు ఆంధ్రలో మొదలై, తెలంగాణ తిరిగి, మళ్లీ ఆంధ్రకొచ్చి, చివరికి ఛత్తీస్‌గఢ్‌లో పడుతుంది. నేషనల్ పర్మిట్ ఉన్న బండికి ఇది సమస్య కాదు. అయితే రాష్ట్రం మారిన ప్రతిచోటా ఆపేవాళ్లు మారతారు, అడిగే కాగితం మారుతుంది, కాగితాలన్నీ ఉన్నా అడిగేదీ ఒకటుంటుంది. దాని గురించి డ్రైవర్లు కోపంగా కూడా మాట్లాడరు. డీజిల్ ఖర్చులాగే అదీ ట్రిప్పు లెక్కలో ఒక పద్దు.

నెల్లిపాక దాటాక అసలు గుంటలు మొదలయ్యాయి. వానాకాలం మొత్తం నలిగిన రోడ్డు. గుంటను తప్పించబోతాడని నేననుకున్నాను. బాబాయ్ తప్పించలేదు. బండిని దాదాపు ఆపి, స్టీరింగ్ నిటారుగా పెట్టి, ముందు రెండు చక్రాలూ ఒకేసారి గుంటలోకి దిగేలా వదిలాడు. బండి ముక్కు కిందికి వంగి, లేచింది. తర్వాత వెనక చక్రాలు. పైన లోడు ముందుకీ వెనక్కీ కదిలింది గానీ పక్కకి ఊగలేదు. “ఒక చక్రం గుంటలో, ఒకటి గట్టున ఉంటే లోడు పక్కకి ఒరుగుతుంది. తప్పించబోయే బండే పడిపోతుంది” అన్నాడు. అంతలో మాకు ఎదురుగా వస్తున్న ఒక గడ్డి లారీ అదే గుంట అంచున కుడి చక్రం దించింది. లోడు మొత్తం మా వైపు వాలి, ఒక క్షణం అలాగే ఆగి, మెల్లగా వెనక్కి వెళ్లింది. ఆ డ్రైవర్ మా వైపు చూడలేదు. రోడ్డు మీంచి కళ్లు తీయలేదు.

గుంటల్లో ఎంత డీజిల్ పోతుందో బాబాయ్ చెప్పాడు. నున్నటి రోడ్డు మీద ఈ బండి లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది. ఫస్టు, సెకండు గేర్లలో ఈడ్చుకుంటూ పోతే అందులో సగం కూడా రాదు. ఓనరు మాత్రం నాలుగు లెక్కనే డీజిల్ డబ్బులిస్తాడు. తేడా డ్రైవర్ బత్తాలోంచి పోతుంది. కమాను పట్టీ విరిగితే ఓనరు పెట్టుకుంటాడు, కానీ అది బాగయ్యేదాకా పోయిన రోజు డ్రైవర్‌ది. గుంట మీద కోపమంతా ఇక్కడుందని నాకు అప్పుడు అర్థమైంది. కారువాడికి గుంట అంటే నడుం నొప్పి, లారీవాడికి అది జీతంలో కోత.

చింతూరులో టిఫిన్ చేశాం. మారేడుమిల్లి ఘాట్ మీదుగా రాజమండ్రి వెళ్లే దారి ఇక్కడ కలుస్తుంది. పక్క టేబుల్ దగ్గర ఒక వ్యాను డ్రైవర్ ఆ ఘాట్ మలుపుల గురించి చెబుతుంటే బాబాయ్ పట్టించుకోలేదు. ఎత్తు లోడుతో అటు పోయే మాటే లేదట.

కుంట దగ్గర బోర్డులు హిందీలోకి మారాయి గానీ మాటలు మారలేదు. టీ కొట్టు ఆవిడ తెలుగే మాట్లాడింది. పక్కనే శబరి నది, అవతల ఒడ్డు ఒడిశాలోని మోటు. మూడు రాష్ట్రాలు ఒకదాన్నొకటి తాకే చోటు ఇది.

డ్రైవర్లు ఏళ్ల తరబడి భయపడిన ముక్క ఇక్కణ్నుంచి మొదలవుతుంది. ఎర్రబోరు వచ్చింది. 2006 జూలైలో, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం శిబిరం మీద ఇక్కడ మావోయిస్టులు దాడి చేశారు. దోర్నపాల్ వచ్చింది. ఎడమకి తిరిగితే జగర్‌గుండా రోడ్డు. ఆ దారిలో బుర్కాపాల్ దగ్గర 2017 ఏప్రిల్‌లో రోడ్డు పనికి కాపలా కాస్తున్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు 25 మంది చనిపోయారు. సుక్మా దాటాక తొంగ్‌పాల్ దగ్గర తహక్‌వాడ, 2014 మార్చిలో ఇంకో దాడి. ఇంకా ముందుకెళ్తే జీరమ్ లోయ. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద దాడి జరిగి మహేంద్ర కర్మ, నంద్‌కుమార్ పటేల్ సహా చాలామంది ప్రాణాలు పోయింది అక్కడే. చదివిన పేర్లన్నీ కిలోమీటరు రాళ్ల మీద వరసగా కనబడుతుంటే నాకు నోట మాట రాలేదు.

బాబాయ్ మాత్రం ఆవలించాడు.

“ఇప్పుడు ఈ ముక్కలోనే నిద్రొస్తుందిరా” అన్నాడు. నిజమే, కుంట దాటాక రోడ్డు నున్నగా ఉంది. కొద్ది దూరానికో క్యాంపు, ఇసుక బస్తాల గోడ, ముళ్లతీగ, తుపాకీతో ఒక కుర్రాడు. ఇంతమంది చనిపోయిన దారి ఇప్పుడు మొత్తం ప్రయాణంలోకి నయమైన ముక్కగా ఉండటం ఆయనకి వింతేమీ కాదు. “మనల్ని ఎప్పుడూ ఏమీ అనలేదు వాళ్లు. భయం మన ప్రాణం గురించి కాదు, బండి గురించి. బంద్ పిలుపిచ్చారంటే ఆ రోజు రోడ్డు మీద తిరిగే బండి తగలబెడతారు. దింపేసి, దూరంగా పొమ్మని, డీజిల్ పోసి అంటిస్తారు. జూలై చివర్లో అమరుల వారం, డిసెంబరు మొదట్లో ఇంకో వారం. ఆ రోజుల్లో చింతూరులో లారీలు కిలోమీటరు బారునా నిలబడేవి. పోదామంటే భయం, ఆగితే ఓనరు ఫోన్లు.”

దర్భ ఘాట్ ఎక్కుతుంటే పక్కన కాంగేర్ లోయ అడవి. తీరథ్‌గఢ్ జలపాతానికి వెళ్లే కార్లు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి. సెకండు గేర్లో ఇంజను అరుస్తుంటే బాబాయ్ కళ్లు ఎదురుగా రోడ్డు మీద కాకుండా టెంపరేచర్ ముల్లు మీద ఉన్నాయి.

జగదల్‌పూర్‌లో చీకటి పడింది. పడుకునే ముందు క్లీనర్ కుర్రాడు క్యాబిన్‌కి దోమతెర కట్టాడు. బస్తర్ మలేరియాకి పెట్టింది పేరు. ఇక్కడ ఒక్క రాత్రి దోమతెర మర్చిపోయి, తర్వాత నెలంతా మంచం పట్టిన డ్రైవర్ల పేర్లు బాబాయ్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. తుపాకుల కథలకంటే ఆ కథలు పొడుగ్గా ఉన్నాయి.

మూడో రోజు: కేస్కాల్

కొండగావ్ దాకా ఏ గొడవా లేదు. అక్కడి ఇత్తడి బొమ్మల దుకాణాలు చూద్దామని నాకు ఉంది గానీ, బాబాయ్ ధ్యాసంతా కేస్కాల్ మీదే ఉంది. దారిలో ఎదురైన ప్రతి లారీకీ చెయ్యి ఊపి, అద్దం దించి, “ఘాట్ చాలూ హై?” అని, అంటే ఘాట్ నడుస్తోందా అని అడుగుతున్నాడు. మొదటి ఇద్దరూ చాలూ అన్నారు. మూడోవాడు చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎదురుగా లారీలు రావడం తగ్గింది. చెప్పేవాళ్లు లేకపోయినా అదే చెప్పింది.

బస్తర్ పీఠభూమి మీంచి కాంకేర్ మైదానంలోకి దిగాలంటే ఇదే మెట్టు. నాలుగైదు కిలోమీటర్ల ఘాట్‌లో పన్నెండు మలుపులు. వీటిని దాటకుండా రాయ్‌పూర్ రాదు. బస్తర్‌కి వచ్చిపోయే సరుకులో ఎక్కువ భాగం ఈ మలుపుల్లోంచే వెళ్లాలి. 2024 నవంబరులో మరమ్మతుల కోసం కొన్నాళ్లు మూసినప్పుడు లారీలన్నీ చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. రాయ్‌పూర్–విశాఖపట్నం మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రోడ్డు కోసం ఇదే కొండల్లో 2.79 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. అయితే ఆ రోడ్డు కొరాపుట్ మీదుగా సబ్బవరం వైపు పోతుంది. కుంట దారిన వచ్చే మా గుంటూరు లారీకి అది ఏ మేరకు పనికొస్తుందో చూడాలి.

కేస్కాల్ ఊరు దాటకముందే ఆగిన బళ్ల వరస తోక తగిలింది. మధ్యాహ్నం రెండవుతోంది. ఇంజను ఆపేశాం.

ఏం జరిగిందో చూద్దామని నేనూ క్లీనర్ కుర్రాడూ కిందికి నడిచాం. ఒక మలుపులో ఇనుము లోడుతో పైకి వస్తున్న పొడుగాటి ట్రెయిలర్ ఎక్సల్ విరిగి అడ్డంగా నిలబడింది. మలుపులో లోపలి వైపు కొండ, బయటి వైపు పిట్టగోడ. పక్కన ఒక లారీ పట్టేంత ఖాళీ ఉంది. పోలీసులు కాసేపు పైనుంచి, కాసేపు కిందినుంచి వదిలితే అర పూటలో తేలే పనే. కానీ ఆ ఖాళీలోకి పైనుంచి ఒక ఎస్‌యూవీ దూరింది. దాని వెనక ఇంకో రెండు కార్లు. కిందినుంచి ఒక బస్సు. నాలుగూ మలుపులో ఎదురెదురుగా ముక్కులు ఆనించుకుని నిలబడ్డాయి. వెనక్కి పోదామంటే వాటి వెనక మరో వరస. లారీల వరస మాత్రం ఎక్కడిదక్కడే, ఎడమ పక్కగా, గీత గీసినట్టు ఉంది. లారీవాళ్ల వల్లే ట్రాఫిక్ అని తిట్టుకునేవాళ్లు ఒకసారి ఆ మలుపు పైనుంచి చూడాలి.

ఎక్కడ ఆగినా డ్రైవర్ల పద్ధతి ఒకటే. మొదటి గంట హారన్లు, రెండో గంట ఫోన్లు, మూడో గంట స్టవ్వులు. సాయంత్రానికి మా బండి నీడలో కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం ఉడుకుతోంది. టమోటా పప్పులోకి మిర్చి కోసం వెతకాల్సిన పని లేదు. ముందు బండి నామక్కల్‌ది, వెనక బండి కాన్పూర్‌ది. వాటి వెనక చిలకలూరిపేట బండి ఉందని తెలిసి బాబాయ్ వెళ్లి ఆ డ్రైవర్‌ని కూడా తీసుకొచ్చాడు. ఆయన్ని “బావా” అని పిలుస్తుంటే చుట్టాలనుకున్నాను. కాదట, ఇద్దరూ అప్పుడే కలిశారు.

మాకు నచ్చని రోడ్ల ముచ్చట అక్కడ మొదలైంది. చిలకలూరిపేట ఆయన ముంబై–గోవా రోడ్డు అన్నాడు. వెడల్పు చేసే పని 2011లో మొదలైంది, ఏళ్లు గడిచినా పూర్తి కాలేదు. “సగం రోడ్డు కొత్తది, సగం పాతది. ఎక్కడ ఏది వస్తుందో రాత్రిపూట తెలియదు. మొత్తం పాతదైనా నయమే, అలవాటైపోతుంది.” నామక్కల్ అతను బందీపూర్ అన్నాడు. మైసూరు నుంచి కేరళ వెళ్లే ఆ అడవి రోడ్డుని 2009 నుంచి రాత్రి 9కి మూసి పొద్దున 6కి తెరుస్తున్నారు. తొమ్మిదింటికి రెండు నిమిషాలు ఆలస్యంగా పోతే తొమ్మిది గంటలు గేటు బయటే. మన శ్రీశైలం రోడ్డుకీ మన్ననూరు దగ్గర అదే టైము, అదే గేటు. పులుల కోసమని అందరికీ తెలుసు, ఎవరూ పులిని తప్పు పట్టలేదు. గేటు దగ్గర ఒక మరుగుదొడ్డి, మంచినీళ్లు లేకపోవడమే వాళ్ల బాధ.

కాన్పూర్ డ్రైవర్ కశ్మీర్ గురించి చెప్పాడు. 2025 ఆగస్టు చివరి వానలకి ఉధంపూర్ దగ్గర జమ్మూ–శ్రీనగర్ రోడ్డు కొట్టుకుపోయి, యాపిల్ లారీలు వారాల తరబడి ఆగిపోయాయి. పెట్టెల్లోంచి రసం కారి రోడ్డు మీదికి వచ్చిందట. బాబాయ్ తణుకు నుంచి అస్సాంకి కోడిగుడ్లు తోలిన రోజులు తవ్వాడు. గంగ మీద ఫరక్కా బ్యారేజీ దాటడానికి పడిన పాట్లు చెబుతుంటే మధ్యలోనే చిలకలూరిపేట ఆయన నవ్వేశాడు: “అంత దూరమెందుకు బావా, సంక్రాంతికి ముందు రోజు పంతంగి టోల్‌గేటు దగ్గరకి పో.”

నేను గమనించిందేమిటంటే, ఇంతసేపు మాట్లాడినా ఎవరూ లోయ లోతు గురించి చెప్పలేదు. మలుపు ఎంత ప్రమాదమో చెప్పలేదు. కష్టమైన రోడ్డు అంటే వాళ్లకి కోపం లేదు. పైగా దాన్ని నడిపామని చెప్పుకోవడంలో కాస్త గర్వం కూడా ఉంది. వాళ్లు తిట్టేదంతా తమ చేతిలో లేకుండా ఆగిపోయే చోట్లని. గేటు, వరద, బంద్, సగంలో వదిలేసిన పని, చెయ్యి అడ్డం పెట్టేవాడు. బండి నడుస్తుంటే డ్రైవర్‌కి నడపడం ఒక్కటే పని. ఆగిందంటే ఓనరుకి జవాబు చెప్పాలి, వ్యాపారికి జవాబు చెప్పాలి, సరుకు కాపలా కాయాలి, తిండి చూసుకోవాలి. దేనికీ కూలి రాదు. మోటారు రవాణా కార్మికులకు రోజుకి ఎనిమిది గంటల పని అని 1961లోనే చట్టం వచ్చిందని నేనంటే, కాన్పూర్ అతనికి బాబాయ్ హిందీలో చెప్పాడు. అందరూ చాలాసేపు నవ్వారు.

ఓనరు ఫోన్ చేశాడు. “జీపీఎస్‌లో బండి కదలట్లేదేంటి?” ఘాట్ జామ్ అని బాబాయ్ చెప్పాడు. ఫోటో పెట్టమన్నాడు. బాబాయ్ కిందికి దిగి, చీకట్లో లారీల ఎర్రలైట్ల వరస ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. “పోయినసారి కూడా ఇదే ఫోటో పెట్టావు కదా” అని జవాబొచ్చింది.

రాత్రి పదింటికి తుంపర మొదలైంది. ఇద్దరూ పట్టా మీదికెక్కి మోకులు మళ్లీ బిగించారు, నేను కింద టార్చి పట్టుకున్నాను. ఒంటిగంటకి ముందున్న బళ్లు స్టార్ట్ అయిన చప్పుడు వినబడింది.

దిగడం మొదలుపెట్టే ముందు బాబాయ్ గాలి ప్రెషర్ ముల్లు చూసుకుని, సెకండు గేరు వేసి, ఎగ్జాస్ట్ బ్రేకు నొక్కాడు. ఘాట్ మొత్తంలో గేరు మార్చలేదు. డౌనులో న్యూట్రల్ చేసి డీజిల్ మిగిల్చే డ్రైవర్లున్నారట, వాళ్ల గురించి మాట్లాడుతూ “ఉన్నారు” అని సరిచేసుకుని “ఉండేవాళ్లు” అన్నాడు. ప్రతి మలుపులో క్లీనర్ కుర్రాడు తల బయట పెట్టి “రానీ, రానీ, చాలు” అంటున్నాడు. ముందు పోయే బండి బ్రేకుల వాసన క్యాబిన్ నిండా కాలిన రబ్బరులా పట్టేసింది. మధ్యలో తేలిన్ సత్తీ మాయి గుడి. బండి నడుస్తుండగానే బాబాయ్ చెయ్యి గుండెకి ఆనించాడు, కుర్రాడు కిటికీలోంచి నాణెం విసిరాడు. విరిగిన ట్రెయిలర్‌ని క్రేన్‌తో పక్కకి లాగారు. దాని డ్రైవర్ పిట్టగోడ మీద తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. దాటిపోయే బళ్లన్నీ ఆయన్ని చూసి తిట్టుకుంటూ పోతాయనుకున్నాను. బాబాయ్ వేగం తగ్గించి, “ఖానా ఖాయా?” అని అడిగాడు.

నాలుగో రోజు: రాయ్‌పూర్

కాంకేర్‌లో రెండు గంటలు కునుకు తీసి బయల్దేరాం. ధమ్‌తరి దాకా వరి పొలాలు, బియ్యం మిల్లులు, వెడల్పాటి రోడ్డు. చెప్పుకోవడానికి ఏమీ లేదు. బాబాయ్ మొదటిసారి పాటలు పెట్టాడు.

రాయ్‌పూర్‌లో పగలు నో ఎంట్రీ. ఊరి బయట నిలబడి రాత్రికి గోడౌన్ చేరాం. వ్యాపారి మనిషి మొదట అడ్డంగా ఉన్న టిక్కీలోకి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు. ఒకటి విరిచి గింజలు చూశాడు, వాసన చూశాడు, గలగలమంటున్నాయో లేదో చెవి దగ్గర ఆడించాడు. తడవలేదు. అయినా ఆలస్యం మాట ఎత్తాడు. ఘాట్ అని బాబాయ్, ఘాట్ ఎప్పుడూ ఉండేదే కదా అని అతను. హాల్టింగ్ డబ్బుల ప్రస్తావన తెస్తే, అది ట్రాన్స్‌పోర్టు వాళ్లని అడగమన్నాడు. ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఓనరుని అడగమన్నారు. ఓనరు ఏమంటాడో బాబాయ్‌కి తెలుసు కాబట్టి అడగలేదు.

పొద్దున్నే తిరుగు లోడు బేరం. ఏజెంటు దగ్గర రెండున్నాయి. సిల్‌తరా నుంచి విశాఖపట్నానికి ఇనుప కడ్డీలు, విజయవాడకీ అవే కడ్డీలు. విజయవాడ కిరాయి కాస్త ఎక్కువ, ఇంటికి దగ్గర. కానీ ఆ బరువుతో కేస్కాల్ ఎక్కాలి, ఆ ట్రెయిలర్ ఎక్కినట్టే. బాబాయ్ కాసేపు బేరమాడి, లోడు తూకం ఒక టన్ను తగ్గించమని పట్టుబట్టి, విజయవాడే ఖాయం చేశాడు. నేను రైలు చూసుకుంటానంటే నవ్వి, “నీ ఇష్టం” అన్నాడు. అప్పటికే క్లీనర్ కుర్రాడితో లెక్క వేస్తున్నాడు: మధ్యాహ్నం లోడింగ్ అయితే రాత్రికి ధమ్‌తరి, అక్కడ టైర్లకి గాలి, కాంకేర్‌లో పడక, ఎస్‌యూవీల వాళ్లు నిద్ర లేవకముందే మూడింటికల్లా ఘాట్ కింద ఉండాలి.